కౌలు నేల మీద నాలుగు తరాలు

మాచర్లలో ముప్ఫై ఏళ్ల పాటు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి. మా తరగతి గోడకు ఒక ప్రపంచ పటం వేలాడుతుండేది. గుడ్డ మీద అంటించిన పాతకాలపు పటం, పైనా కిందా కర్రలు. అందులో కుడివైపు చిట్టచివర, కాగితం అయిపోయే చోట, పెన్సిలు చెక్కితే రాలిన పొట్టులాంటి చుక్కలు కొన్ని ఉండేవి. పిల్లల చేతులు తగిలీ తగిలీ అంచు నలిగి ఆ చుక్కల్లో సగం చెరిగిపోయాయి. అది ఫిజీ. పాఠంలో లేదు, పరీక్షలో రాదు, అందుకని ఏళ్ల తరబడి నా బెత్తం అంత దూరం వెళ్లలేదు. ఆ దీవుల్లో తెలుగువాళ్లు చెరకు నరికారనీ, వాళ్ల మునిమనవలు రెడ్డి, నాయుడు అన్న పేర్లతో ఇప్పటికీ అక్కడే ఉన్నారనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచీ ఆ దేశం గురించి దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను. ఈ పూట ఆ సంగతులు మీతో చెప్పుకుందామని వచ్చాను.

ఫిజీ అంటే ఒక దీవి కాదు, 330కి పైగా దీవులు. మనుషులు కాపురముండేది వాటిలో మూడో వంతు మీదనే. నేలంతా కలిపి కొలిస్తే 18,300 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది, అంటే మన పాత గుంటూరు జిల్లాకు ఒకటిన్నర రెట్ల పైన. 2017 లెక్కల్లో జనాభా 8,84,887. మన ఒక్క పల్నాడు జిల్లా జనంలో సగం కూడా కాదు. కానీ ఈ కాస్త నేల చుట్టూ ఆ దేశానికి హక్కున్న సముద్రం 12 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. పెద్ద దీవులు రెండు, వీతి లెవు, వనువా లెవు. రాజధాని సువా వీతి లెవులో ఉంది. 180వ రేఖాంశం తవేయూని అనే మరో దీవి మీదుగా పోతుంది. ఒక్క ఊళ్లోనే ఈ వీధిలో ఆదివారం, ఆ వీధిలో సోమవారం కాకుండా తేదీ రేఖను దేశానికి తూర్పుగా వంచి గీశారు. మనకు పొద్దున ఏడు కొట్టేసరికి అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. ఊళ్ల పేర్ల గురించి ఒక్క మాట. ఇంగ్లీషులో చూసి మనం నాడి, లబాసా అని చదువుతాం. అక్కడివాళ్లు పలికేది నాందీ, లంబాసా.

అగ్నిపర్వతాలు లేపిన నేల అది. వీతి లెవు నడిమధ్య తోమనీవి శిఖరం 1,324 మీటర్ల ఎత్తు. ఆగ్నేయం నుంచి వీచే గాలి సముద్రపు తడినంతా మోసుకొచ్చి ఆ కొండలకు కొట్టుకుని తూర్పు వైపునే కురిసిపోతుంది. సువాలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వాన. కొండ దాటి పడమటికి వచ్చేసరికి గాలిలో తడి ఉండదు. నాందీ, లౌతోకా, బా అనే పడమటి ఊళ్ల చుట్టూ ఎర్రనేల, గడ్డి కొండలు, నెలల తరబడి ఎండ. ఆ మెట్టను వాళ్లు తలసింగా అంటారు. ఎండకు కాలిన నేల అని అర్థం. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు దుర్గి, వెల్దుర్తి వైపు మే నెలలో కనిపించే నేలే నా కళ్లముందుకొచ్చింది. పచ్చగా కొబ్బరిచెట్లతో బొమ్మల్లో కనిపించే ఫిజీ వేరు, మనవాళ్లు దిగిన ఫిజీ వేరు. చెరకులో తీపి ముదరాలంటే కోతకు ముందు పొడి కాలం కావాలి. అందుకే చెరకు తోటలన్నీ ఆ పొడి వైపునే వేశారు. ఆ తోటల్లోకే మన జనాన్ని తోలారు.

తోటలకన్నా ముందు ఆ నేలకో కథ ఉంది. తెరచాప పడవల మీద సముద్రం దాటి అక్కడ మనుషులు స్థిరపడి సుమారు 3,000 ఏళ్లయింది. కుండల మీద చిన్న చిన్న పళ్లగాట్లలాంటి అచ్చులు వేసిన ఆ జనాన్ని పరిశోధకులు లపీటా ప్రజలంటారు. ఊరికో పెద్ద, తెగకో నాయకుడు. మన పల్నాటి సీమలాగే వాళ్లవీ దాయాదుల పోరాటాలు, పొత్తులు, పగలు. ఆ నాయకుల్లో బావు దీవికి చెందిన థకొంబావ్ పైచేయి సాధించాడు. కానీ తెల్లవర్తకుల అప్పులు, పొరుగు తెగల ఒత్తిడి తట్టుకోలేక 1874 అక్టోబరు 10న తోటి నాయకులతో కలిసి దీవుల్ని బ్రిటిషు రాణికి అప్పగిస్తూ లెవూకాలో సంతకం పెట్టాడు. మరుసటేడు థకొంబావ్ సిడ్నీ వెళ్లి తిరిగొచ్చిన ఓడలోనే తట్టు కూడా దిగింది. మన ఊళ్లల్లో తట్టు పోస్తే వేపాకు పరిచి, మంచం మీద పడుకోబెట్టి, రెండు వారాలు జాగ్రత్తగా చూసుకుంటాం. ఆ రోగమంటేనే ఎరగని జనం వాళ్లు. సుమారు 40,000 మంది పోయారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి.

అదే 1875లో ఆర్థర్ గోర్డన్ గవర్నరుగా వచ్చాడు. ఆయన చేసిన పని మీద నాకు రెండు మనసులున్నాయి, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. తెల్లవాళ్లకు స్థానికుల నేల అమ్మకం ఆపించాడు. స్థానికుల్ని ఊళ్ల నుంచి పెకలించి తోటల్లో కూలికి పెట్టకూడదన్నాడు. ఆస్ట్రేలియాలో, అమెరికాలో సొంతజనానికి జరిగింది ఫిజీలో జరగకపోవడానికి ఈ నిర్ణయం పెద్ద కారణం. కానీ వలసపాలన నడవాలంటే డబ్బు కావాలి, డబ్బుకు చెరకు కావాలి, చెరకుకు చేతులు కావాలి. గోర్డన్ అంతకు ముందు ట్రినిడాడ్‌లో, మారిషస్‌లో గవర్నరుగా చేసినవాడు. హిందూదేశం నుంచి కూలీలను ఎలా తెస్తారో ఆయనకు బాగా తెలుసు. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి 463 మందిని తెచ్చి లెవూకా దగ్గర లంగరేసింది. అప్పట్నుంచి 1916 దాకా 87 ప్రయాణాల్లో 60,000కు పైగా మనుషులు దిగారు.

మన వైపు నుంచి ఓడలు వెళ్లింది 1903 నుంచి. ఉత్తరాదిలో జనం దొరకడం కష్టమై మద్రాసులో డిపో తెరిచారు. మొత్తం వెళ్లిన వాళ్లలో సుమారు నాలుగో వంతు మద్రాసు రేవులో ఎక్కినవాళ్లే. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల పేర్లు వాళ్ల ఓడ పాసుల్లో కనిపిస్తాయి. కృష్ణా అన్న పేరు దగ్గర మీరు ఒక్క క్షణం ఆగాలి. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అంతదాకా గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, మన పల్నాడు తాలూకా అన్నీ కృష్ణా జిల్లాలోవే.

కూలికి ఒప్పుకుంటూ రాసిన కాగితాన్ని అగ్రిమెంటు అన్నారు. ఉత్తరాది కూలీల నోట అది గిర్మిట్ అయింది, దాని మీద వేలిముద్ర వేసినవాడు గిర్మిటియా అయ్యాడు. అయిదేళ్ల గడువు. చెప్పిన పని పూర్తి చేస్తే మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. పని పూర్తికాకపోతే కూలి కోత, కోర్టు, జరిమానా. పడుకోవడానికి కూలీ లైన్లు. ఒక్కో గది పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్లు, కాదంటే భార్యాభర్తలూ పిల్లలూ. వంద మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లను తేవాలని లెక్క పెట్టుకున్నారు, ఆ లెక్క వల్ల ఆ లైన్లలో జరిగిన ఘోరాలు ఈ మైకు ముందు వివరంగా చెప్పలేను. ఓవర్సీరును కులంబర్ అనేవాళ్లు. ఆయన కింద సర్దారు. ఉత్తరువులన్నీ హిందీలో. మన తెలుగువాడికీ అరవవాడికీ ఆ మాట తెలియదు. అర్థంకాక నిలబడితే మొండితనమని కొట్టేవాళ్లు. తోటి భారతీయులే వాళ్లందర్నీ ఒక గాటన కట్టి మద్రాసీలు అని వేళాకోళం చేసేవాళ్లు. 1915లో సి.ఎఫ్. ఆండ్రూస్ తోటల్లో తిరిగి చూసి, అక్కడి భారతీయుల్లో ఆత్మహత్యలు ఎంత ఎక్కువగా ఉన్నాయో లోకానికి చెప్పారు. 1916 మార్చిలో మదన్ మోహన్ మాలవీయ ఢిల్లీ శాసనసభలో ఈ పద్ధతి రద్దు కావాలని తీర్మానం పెట్టారు. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి.

కట్టు తెగింది. తిరుగు ఓడ ఎక్కినవాళ్లు ఎక్కారు, ఎక్కువమంది ఉండిపోయారు. ఇల్లు వదిలి పదేళ్లు పైబడింది, అక్కడే పెళ్లి, అక్కడే పిల్లలు. ఊరికి వస్తే సముద్రం దాటినవాడని ఎవరు ఏమంటారో అన్న భయం కూడా కొందరికి. చక్కెర మిల్లులు నడిపే సీఎస్ఆర్ అనే ఆస్ట్రేలియా కంపెనీ తన తోటల్ని పదేసి ఎకరాల కమతాలుగా కోసి వీళ్లకు కౌలుకిచ్చింది. తక్కిన నేల ఊరి తెగల నుంచి కౌలు. నిన్నటి కూలీ కౌలురైతు అయ్యాడు. అక్కడితో అసలు కథ మొదలైంది.

ఫిజీలో సొంతజనాన్ని ఇతౌకెయి అంటారు. ఆ మాటకే నేల సొంతదారులని అర్థం. వాళ్ల భాషలో వనువా అంటే నేల, ఆ నేల మీది మనుషులు, వాళ్ల ఆచారం, మూడూ కలిపి ఒకటే మాట. ఈనాటికీ దేశంలో దాదాపు 87 శాతం నేల వాళ్ల తెగల ఉమ్మడి సొత్తు. అమ్మడానికి వీల్లేదు. 1940లో పెట్టిన ఒక బోర్డు ఆ నేలను కౌలుకిచ్చి, డబ్బు తెగలకు పంచుతుంది. చట్టం ప్రకారం సాగు కౌలు కనీసం ముప్ఫై ఏళ్లు. పత్తి, మిరప వేసే మన కౌలురైతు సోదరులకు దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు. రాళ్లు ఏరి, గట్టు కట్టి, నేలకు సారం పోసి, చివరికి సొంతదారు తలుపు దగ్గర నిలబడి ఈ ఏడు కూడా ఇస్తారా అయ్యా అని అడగడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. 1997 నుంచి ఆ కౌళ్ల గడువులు వేల సంఖ్యలో తీరడం మొదలైంది. తాత నాటిన మామిడి చెట్టు కింద నుంచి మనవడు సామాను బండికెత్తుకుని సువా, లౌతోకా శివార్లలోని రేకుల గుడిసెల్లోకి చేరాడు. స్తోమత ఉన్నవాళ్లు ఆస్ట్రేలియాకో, న్యూజిలాండుకో, కెనడాకో వెళ్లిపోయారు.

ఇది విన్నప్పుడు మన మనసు మనవాళ్ల వైపే మొగ్గుతుంది. నాదీ మొగ్గింది. కానీ పల్నాడులో పుట్టినవాణ్ణి కనుక రెండో వైపు కూడా నాకు అర్థమవుతుంది. 1921లో మన అడవుల్లో పశువులు మేపినందుకు సర్కారు పుల్లరి అడిగితే, తరతరాలుగా మాదైన అడవికి పన్నేమిటని ఊళ్లన్నీ ఎదురు తిరిగాయి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకి గుళ్లకు ప్రాణమిచ్చింది ఆ మాట మీదే. నేల చేజారితే జాతి చేజారినట్టేనన్న భయం ఇతౌకెయిలదీ అంత నిజమైనదే. 1946 లెక్కల్లోనే భారతీయులు వాళ్లకన్నా ఎక్కువమంది అయ్యారు. ఒకరికి నేల ఉండి సంఖ్య తగ్గిపోతోంది, ఇంకొకరికి సంఖ్య ఉండి కాలి కింద నేల లేదు. ఇద్దరినీ ఇలా ఎదురెదురుగా నిలబెట్టింది వాళ్లు కాదు, చెరకు కోసం వచ్చిన దొరతనం.

ఆ దేశపు పరిపాలనంతా ఈ ముడి చుట్టూనే తిరిగింది. 1970 అక్టోబరు 10న, అప్పగింత జరిగి సరిగ్గా 96 ఏళ్లకు, స్వాతంత్ర్యం వచ్చింది. జాతిని బట్టి ఓటర్ల జాబితాలు విడివిడిగా పెట్టారు. 1987 ఏప్రిల్‌లో భారతీయుల మద్దతుతో ఇతౌకెయి నాయకుడు తిమోథి బవాంద్ర ప్రధాని అయ్యాడు. నెల తిరిగేసరికి మే 14న, లియోనిడాస్ వచ్చిన తేదీనే, సితివేని రంబూకా అనే సైనికాధికారి పార్లమెంటులోకి చొరబడి ప్రభుత్వాన్ని పడగొట్టాడు. అప్పుడు మొదలైన వలస ఇప్పటికీ ఆగలేదు. అంతకు ముందు జనాభాలో దాదాపు సగమున్న భారత సంతతి 2007 నాటికి 37 శాతానికి దిగింది.

ఇక్కడ ఒక పేరు మీరు గుర్తుపెట్టుకోవాలి. జై రామ్ రెడ్డి. 1937లో లౌతోకాలో పుట్టారు, దక్షిణాది మూలాలున్న కుటుంబం, న్యాయవాది, ప్రతిపక్ష నాయకుడు. తన జనం ప్రభుత్వాన్ని తుపాకితో కూల్చి, తర్వాత ప్రధాని అయిన అదే రంబూకాతో ఒకే బల్ల దగ్గర కూర్చుని 1997 రాజ్యాంగం తయారయ్యేలా చూశారు. ఆ ఏడు జూన్‌లో ఇతౌకెయి పెద్దల మహాసభలో మాట్లాడారు. ఒక భారత సంతతి నాయకుడు ఆ సభలో మాట్లాడడం అదే మొదటిసారి. పల్నాటి వీరగాథల్లో సంధికి వెళ్లిన అలరాజు కథ వింటూ పెరిగినవాళ్లం మనం. శత్రువు సభలోకి మాట పట్టుకుని వెళ్లడానికి ఎంత గుండె కావాలో మనకు తెలుసు. 1999 ఎన్నికల్లో రెండు వైపులా జనం వీళ్లిద్దరినీ ఓడించారు. రెడ్డి పార్టీకి ఒక్క సీటు రాలేదు. తర్వాత ఆయన రువాండా నరమేధం మీద విచారణ జరిపిన అంతర్జాతీయ న్యాయస్థానంలో న్యాయమూర్తిగా కూర్చున్నారు. 2022లో కన్నుమూశారు.

ఆ ఎన్నికలో మహేంద్ర చౌదరి తొలి భారత సంతతి ప్రధాని అయ్యారు. సరిగ్గా ఏడాదికి, 2000 మే 19న, జార్జ్ స్పైట్ అనేవాడు ఆయన్ను పార్లమెంటులోనే 56 రోజులు బందీగా పెట్టాడు. స్పైట్‌ను తర్వాత సువా ఎదురుగా ఉన్న నుకులావు అనే చిన్న దీవిలో ఖైదు చేశారు. ఒకప్పుడు ఓడ దిగిన గిర్మిటియాలను రోగాల పరీక్ష కోసం ముందుగా దించి నిలిపింది ఆ దీవిలోనే. 2006లో మరో సైనిక తిరుగుబాటు, ఈసారి ఫ్రాంక్ బైనిమరామాది. 2013లో ఆయన తెచ్చిన రాజ్యాంగం జాతుల వారీ జాబితాలు తీసేసింది. ఏ జాతివాడైనా ఫిజియన్ అనే పేరే. దేశమంతా ఒకటే నియోజకవర్గం, పార్టీలకు వచ్చిన ఓట్ల దామాషాలో సీట్లు, అయిదు శాతం కూడా రాని పార్టీకి ఏమీ ఉండదు. ఇప్పుడు పార్లమెంటులో 55 మంది. 2022 చివర రంబూకా మళ్లీ ప్రధాని అయ్యాడు, ఈసారి ఓట్లతో. గిర్మిట్ రోజుకు మొదటిసారి జాతీయ సెలవు ఇచ్చిన ఏడు, 2023 మే 14న, 1987లో చేసిన దానికి జనం ముందు క్షమాపణ చెప్పాడు. 36 ఏళ్లు పట్టింది. విన్నవాళ్లలో కొందరు క్షమించారు. క్షమించడానికి ఆ దేశంలో మిగలనివాళ్లు ఇంకా ఎక్కువమంది.

చెరకు కూడా పలచబడింది. 1994లో అయిదు లక్షల టన్నులకు పైగా చక్కెర తీసిన దేశం ఈ మధ్య ఏళ్లలో రెండు లక్షలకు లోపే తీస్తోంది. ఐరోపా ఇచ్చే మంచి ధర పోయింది, కౌళ్లు పోయాయి, కోత కోసే చేతులూ పోయాయి.

చెరకు తెచ్చిన మార్పు మనుషులతో ఆగలేదు. తోటల్లో ఎలుకలు పెరిగాయని 1883లో తోటల యజమానులు మన దేశపు ముంగిసను తెచ్చి వదిలారు. ఎలుకల మాట ఎలా ఉన్నా, అది నేల మీద గూడు పెట్టే పిట్టల్ని తినేసింది. ముంగిస లేని దీవుల్లో మాత్రం కొన్ని పాత ప్రాణులు మిగిలాయి. యదువతంబ అనే చిన్న దీవిలో నెత్తి మీద ముళ్ల జూలుతో పచ్చని తొండజాతి ప్రాణి ఒకటుందని 1979లో గానీ శాస్త్రలోకానికి తెలియలేదు. వనువా లెవుకు ఉత్తరాన థకౌలెవు అనే పగడాల గోడ సముద్రంలో సుమారు 200 కిలోమీటర్లు సాగుతుంది. అలల్ని విరిచేది, చేపకు పురుడు పోసేది అదే. దాని వెనకాల మడ అడవి, ఆ బురదలో పీతలు పట్టి అమ్మి ఇల్లు నడిపే ఆడవాళ్లు. సముద్రం వేడెక్కితే పగడం తెల్లబడి చచ్చిపోవచ్చు. 2016 ఫిబ్రవరి 20న వచ్చిన విన్‌స్టన్ తుపాను ఆ దేశపు చరిత్రలోనే బలమైనది, 44 మంది చనిపోయారు. 1977 దివిసీమ ఉప్పెన వార్తలు విన్న నా తరం వాళ్లకు ఆ రాత్రి ఎలా ఉండుంటుందో ఊహించుకోవడం కష్టం కాదు. వునిదోంగొలోవా అనే ఊళ్లోకి ఉప్పునీరు వచ్చి వచ్చి, 2014లో ఊరు ఊరంతా గట్టెక్కి లోపలికి మారిపోయింది. నాగార్జునసాగరు కట్టినప్పుడు ఊరు వదిలి వచ్చినవాళ్లు మన మాచర్ల చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. పుట్టిన ఊరు నీళ్ల కింద పడటమంటే ఏమిటో వాళ్లనడగండి. మన ఊళ్లు మునిగింది మన పొలాలకు నీళ్లివ్వడానికి. ఫిజీ వాళ్ల ఊరు మునిగింది ఎక్కడో కాల్చిన బొగ్గు వల్ల. 2017లో బాన్‌లో జరిగిన ప్రపంచ వాతావరణ సదస్సుకు ఈ చిన్న దేశమే అధ్యక్షత వహించి ఈ మాట గట్టిగా చెప్పింది.

ఇక మన భాష. 1926లో నాందీలో సాధు కుప్పుస్వామి దక్షిణాదివాళ్లందరికీ కలిపి తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం పెట్టారు. వాళ్లు బడులు కట్టారు, గుళ్లు కట్టారు, లంబాసాలో నర్సింగు కళాశాల కూడా పెట్టారు. అరవం మధ్య తెలుగు వెనకబడుతోందని మనవాళ్లు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం అని విడిగా పెట్టుకున్నారు. ఇంత చేసినా ఇంట్లో తెలుగు నిలవలేదు. పక్కింటివాడితో, సర్దారుతో, సంతలో, అంతటా ఫిజీ హిందీయే. మూడో తరానికి తెలుగు భజన పాటల్లో, పెళ్లిమంత్రాల పక్కన రెండు మాటల్లో మిగిలింది. పేర్లు కూడా గుమస్తా చెవికి వినపడినట్టు రాయడంతో మారిపోయాయి. అక్కడ పెద్ద వ్యాపారవేత్తగా, సంగం అధ్యక్షుడుగా పేరు తెచ్చుకున్న వై.పి. రెడ్డి పూర్తి పేరు యాంక్టేశ్ పెర్మల్ రెడ్డి. వెంకటేశ్ పెరుమాళ్ అని మనకు వినగానే తెలుస్తుంది.

ఒక పని మాత్రం ఆ దొరతనం పద్ధతిగా చేసింది. ఓడ ఎక్కే ప్రతి మనిషికీ ఒక పాసు రాసింది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చ లేదా మచ్చ, జిల్లా, తాలూకా, ఊరు. ఆ పాసులు నేటికీ సువాలోని ప్రభుత్వ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. వాటి నకళ్లు తీసుకుని నాలుగో తరం పిల్లలు సిడ్నీ నుంచి, ఆక్లాండు నుంచి ముత్తాత ఊరు వెతుక్కుంటూ మన రాష్ట్రానికి వస్తున్నారు. వాళ్ల చేతిలోని కాగితం మీద జిల్లా కృష్ణా అని ఉంటే, టాక్సీవాడు వాళ్లను నేరుగా మచిలీపట్నం తీసుకెళ్తాడు. ఏడాది 1903 అయితే, తాలూకా దగ్గర పల్నాడు అన్న పేరుంటే, వాళ్లు రావలసింది ఇటు.

అలాంటి మనిషెవరైనా మాచర్ల బస్టాండులోనో, గురజాల స్టేషన్లోనో కాగితం పట్టుకుని మిమ్మల్ని ఆపితే, తెలుగు రాదని పంపించెయ్యకండి. కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. ఆ ఊరి పేరు ఇంగ్లీషు గుమస్తా చెవిన పడ్డ పేరు, చదివితే మనకు కూడా ముందు తెలియదు. రెండు మూడు రకాలుగా పైకి పలికి చూడండి. అక్కడ అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లను పిలిచి వాళ్ల చేత కూడా పలికించండి.